సున్నం కొట్టిన గచ్చి – ఒక ఆచార్యుని లెక్క

(శాలిబండలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ మాట్లాడుకోవడం ఆనవాయితీ. అవి మాట్లాడుకోవలసినవే. ఈసారి కార్యదర్శి గారు "ఎండాకాలం వస్తున్నది, దానికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పండి" అని నన్ను ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను, ఇంజనీరును కాను. 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసేదాకా ఇంజనీర్లు పంపిన ఎస్టిమేట్లను, మెజర్మెంట్ బుక్కులను తిరగేసినవాడిని మాత్రమే. కనుక సొంత పాండిత్యం జోలికి పోకుండా, మన నగరంలో పనిచేసిన ఒక ఆచార్యుని గురించీ, ఆయన జీవితకాలపు పని గురించీ విన్నవించుకుంటాను. ఆ పనికీ, మన నెత్తిమీది కప్పుకూ ఉన్న సంబంధం చివరకు మీకే తెలుస్తుంది.

ఆయన పేరు ఆచార్య విశాల్ గర్గ్. ఢిల్లీ ఐ.ఐ.టి.లో డాక్టరేటు పూర్తిచేసి మన ఊరు వచ్చి, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో దాదాపు రెండు దశాబ్దాలు పనిచేశారు. తరువాత పంజాబులో మొహాలీ దగ్గరి ప్లాక్షా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. నేను ఆయనను చూడలేదు. మా మనుమరాలు మాసబ్ ట్యాంకు దగ్గరి ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఆమె తెచ్చిన పుస్తకం మీద ఆయన పేరు చూసి, "ఎవరమ్మా ఈయన?" అని అడిగాను. "తాతయ్యా, నీకు కావలసిన మనిషే, అన్నీ కొలిచి లెక్క రాసే ఆయన" అన్నది. ఆ మాట మీద నాకు ఆసక్తి కలిగింది.

ఇల్లు కట్టే విద్యలో మూడో శాఖ

ఇల్లు కట్టాలంటే ప్లాను గీసే ఆర్కిటెక్టు కావాలి, అది కూలకుండా నిలిచేందుకు ఇనుము, సిమెంటు లెక్క చూసే సివిల్ ఇంజనీరు కావాలి. ఈ రెండూ మనకందరికీ తెలుసు. మూడో శాఖ ఒకటున్నది. ఇల్లు నిలబడిన తరువాత అందులోకి ఎండ ఎంత వస్తుంది, గోడ ఎంత వేడిని దాచుకుంటుంది, ఏ గంటకు లోపలికి వదులుతుంది, గాలి ఎటునుంచి ఎటు పోతుంది, కరెంటు ఎంత కాలుతుంది అని చూసే శాస్త్రం. దానిని బిల్డింగ్ సైన్స్ అంటారు. ఆర్కిటెక్చరు చదివే పిల్లలకు ఇది తప్పనిసరి పాఠం.

మన ట్రిపుల్ ఐటీ 1998లో ప్రారంభమైంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి గారు దాని పాలకమండలికి అధ్యక్షత వహించారు. అది కంప్యూటర్ల విద్యాలయం. అక్కడ ఇళ్ళ వేడిమి గురించి చదివే కేంద్రం ఉంటుందని మనం ఊహించము. కానీ ఉన్నది. "సెంటర్ ఫర్ ఐ.టి. ఇన్ బిల్డింగ్ సైన్స్" అని దాని పేరు. దానికి గర్గ్ గారు ఆధ్వర్యం వహించారు. కంప్యూటరును భవనాల పనికి వాడడమే ఆ కేంద్రం ఉద్దేశం.

కదలని గుమాస్తా, ఆరిపోయే దీపం

ఆయన తొలి రోజుల పరిశోధన ఒకటి చెబుతాను, మీకు నవ్వు కూడా వస్తుంది. గదిలో మనిషి ఉన్నాడా లేడా అని చూసి దీపాన్ని వెలిగించి, ఆర్పే పరికరాలు ఇప్పుడు పెద్ద ఆఫీసుల్లో ఉన్నాయి. అది కదలికను పసిగడుతుంది. కదలిక ఆగిన తరువాత కొన్ని నిమిషాలు ఆగి దీపం ఆర్పుతుంది. చిక్కు ఎక్కడంటే, గుమాస్తా ఫైలు ముందు కదలకుండా కూర్చుంటే గదిలో ఎవరూ లేరనుకుని ఆర్పేస్తుంది. అలా జరగకూడదని ఆగే నిమిషాలు పెంచితే, మనిషి వెళ్ళిపోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు వృథా.

గర్గ్ గారు, ఢిల్లీలోని ఆచార్య ఎన్.కె. బన్సల్ గారు కలిసి దీని మీద ఒక పరిశోధనా పత్రం 2000లో ప్రచురించారు. ఆ గదిలో ఏ వేళ ఎంత కదలిక ఉంటుందో పరికరమే గమనించి నేర్చుకోవాలి, దానినిబట్టి ఆగే నిమిషాలను అదే మార్చుకోవాలి అన్నది వారి ఆలోచన. మార్పులేని నిమిషాలు పెట్టిన పరికరం కన్నా దీనివల్ల సుమారు 5 శాతం కరెంటు అదనంగా మిగులుతుందని లెక్క తేల్చారు. 5 శాతమే కదా అనవచ్చు. ఒక గదికి అది చిన్నదే. నగరంలోని ఆఫీసులన్నిటికీ కలిపి వేస్తే చిన్నది కాదు. అటువంటి పరికరం మన కాలంలో మన ఆఫీసుల్లో పెట్టి ఉంటే, కొన్ని సీట్ల మీద పదకొండు గంటల దాకా దీపం వెలిగేది కాదని మాత్రం నేను చెప్పగలను.

పన్నెండు మంది గుమాస్తాలకు పంచిన రిజిస్టరు

ఇక కంప్యూటరు పని. ఒక భవనం ఇంకా కట్టకముందే అది మే నెలలో ఎంత వేడెక్కుతుందో కంప్యూటరులో చూడవచ్చు. గోడ మందం, కిటికీల దిక్కు, కప్పు రంగు, లోపల ఎంతమంది ఉంటారు, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని దీపాలు, ఇవన్నీ చెప్పాలి. ఆ ఊరి వాతావరణం గంట గంటకూ ఇవ్వాలి. ఏడాదికి 8,760 గంటలు. ఒక్కొక్క గంటకు ఎండ ఎంత లోపలికి వచ్చింది, గోడ ఎంత తాగింది, ఎంత వదిలింది అని కంప్యూటరు జమాఖర్చు వేస్తుంది. ఈ లెక్కలు చేసే ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రామును అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ 2001లో విడుదల చేసింది. ప్రపంచమంతా దానిని వాడుతున్నారు.

పెద్ద భవనమైతే ఈ లెక్క తేలడానికి చాలా సమయం పడుతుంది. కిటికీ కొంచెం మార్చి చూద్దామంటే మళ్ళీ మొదటి నుంచి వేయాలి. గర్గ్ గారూ, ఆయన విద్యార్థులూ, సహచరులూ దీనికి ఒక ఉపాయం చేశారు. ఏడాది లెక్కను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క కంప్యూటరుకు ఇచ్చి, చివరకు కలిపారు. 2010లోనూ, 2014లోనూ దీని మీద వారి పత్రాలు వచ్చాయి. మా మనుమరాలు ఈ సంగతి చెప్పగానే నాకు మార్చి నెలాఖరు గుర్తుకు వచ్చింది. సంవత్సరాంతపు లెక్క ఒక్క గుమాస్తా మీద పడేస్తే తెల్లవార్లూ కూర్చున్నా తేలదు. పన్నెండు నెలలను పన్నెండు మందికి పంచితే సాయంత్రానికి తేలుతుంది.

కానీ మనకు తెలిసిన చిక్కే అక్కడా ఉన్నది. మే నెల రాసేవాడికి ఏప్రిల్ ముగింపు నిల్వ తెలియాలి. గోడలు కూడా అంతే. ఏప్రిల్ చివరి రోజు తాగిన వేడి మే ఒకటో తేదీన గోడలోనే ఉంటుంది. ఆ ఓపెనింగ్ బ్యాలెన్స్ లేకుండా మే లెక్క మొదలుపెడితే తప్పు వస్తుంది. అందుకని ఆ ప్రోగ్రాము మొదటి రోజునే మళ్ళీ మళ్ళీ లెక్కవేసి, గోడల వేడి ఒక నిలకడకు వచ్చిన తరువాతే ముందుకు పోతుంది. ముక్కలు చేసిన లెక్కకూ, ఏకమొత్తంగా చేసిన లెక్కకూ తేడా ఎంత వస్తుందో చూడడం కూడా ఆ పరిశోధనలో భాగమే. పని త్వరగా అయిందని సంబరపడి ఊరుకోకుండా, అంకె ఎంత నమ్మదగినదో సరిచూసుకోవడం నాకు చాలా నచ్చింది.

ఈ విద్యను విద్యార్థులకు నేర్పడానికి ఆయన, జైపూరు ఆచార్యులు జ్యోతిర్మయ్ మాథుర్ గారు, సురేఖ తేతలి గారు, అవిరుచ్ భాటియా గారు కలిసి ఒక అభ్యాస పుస్తకం రాశారు. 2017లో మొదటి ముద్రణ, 2020లో రెండవది వచ్చాయి. మా మనుమరాలు తెచ్చినది అదే. భవనాల లెక్కలు చేసే శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం తన 14వ మహాసభను 2015 డిసెంబరులో మన హైదరాబాదులోనే జరిపింది. ఈ విద్యకు మన ఊరు ఒక చిరునామా అయిందని అనుకోవడానికి ఇదొక ఆధారం.

రెండు భవనాల గచ్చి మీద

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. మే రెండో వారం ప్రాంతంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీద ఉంటాడు. ఆ క్షణాన నిలువు స్తంభానికి నీడే ఉండదు. ఆగస్టు మొదట్లో మళ్ళీ ఒకసారి అలా వస్తుంది. అంటే ఎండాకాలంలో ఎండను ఎక్కువగా భరించేది గోడలు కాదు, కప్పు. పాతబస్తీలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కనుక గోడల మీద ఎండ మరీ తక్కువ. ఉన్న ఎండంతా గచ్చి మీదే.

మన పాత ఇళ్ళకు రెండడుగుల మందం రాతి గోడలు, ఎత్తైన దాలానులు, నడుమ వాకిలి, కప్పు మీద మందంగా సున్నపు గచ్చు ఉండేవి. వేడి లోపలికి దిగేసరికి రాత్రి అయ్యేది, మనం వాకిట్లోకో, గచ్చి మీదికో వచ్చి పడుకునేవాళ్ళం. ఆ ఇళ్ళు వాటాలు పంచుకుని, పడగొట్టి, అదే జాగాలో మూడు అంతస్తులు వేసుకున్నాం. ఇప్పుడున్నది నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు. అది పగలంతా వేడి తాగి సాయంత్రం నుంచి కక్కుతుంది. కింది అంతస్తు అద్దెకు ఇస్తాం, నడుమ అంతస్తు కొడుకూ కోడలూ ఉంటారు, పై గది ముసలివాళ్ళది. ఇది ఎవరి తప్పూ కాదు, ఇంటింటి ఏర్పాటు. కానీ ఇంట్లో అందరికన్నా వేడి తట్టుకోలేని మనుషులు అందరికన్నా వేడి గదిలో ఉంటున్నారు.

గర్గ్ గారి కేంద్రమూ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలా కలిసి హైదరాబాదు ప్రాంతంలో రెండు వాణిజ్య భవనాల కప్పుల మీద ప్రయోగం చేశాయి. కప్పులను మార్చి మార్చి చూసి, లోపల ఏ.సి.లకు ఎంత కరెంటు కాలిందో కొలిచారు. ఫలితాలు 2012లో ప్రచురించారు. నల్లని కప్పును తెల్లగా చేస్తే, కప్పు చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల కరెంటు మిగిలింది. చల్లదనానికి అయ్యే కరెంటులో అది 14 నుంచి 26 శాతం. రంగు వేయని మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా చేస్తే 13 నుంచి 14 యూనిట్లు, అంటే 10 నుంచి 19 శాతం మిగులుతుందని లెక్క కట్టారు. నూట ఇరవై గజాల కప్పు అంటే సుమారు 100 చదరపు మీటర్లు. దాని కింద ఏ.సి.లు నడిచే ఆఫీసు ఉన్నదనుకుంటే ఏడాదికి 1,300 నుంచి 1,400 యూనిట్లు. ఈ అంకెలు ఏ.సి. భవనాలవని గుర్తు పెట్టుకోవాలి. ఫ్యాను మాత్రమే ఉన్న మన గదుల్లో లాభం బిల్లులో కనబడదు, ఒంటికి తెలుస్తుంది.

ఇందులో తెలుసుకోవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. కప్పుకు రెండు గుణాలు కావాలి. ఎండను వెనక్కి కొట్టాలి, తాగిన కొద్ది వేడిని కూడా తిరిగి ఆకాశానికి వదలాలి. సున్నం ఈ రెండూ చేస్తుంది. రంగు వేయని జింకు రేకు తళతళ మెరుస్తుంది కనుక చల్లగా ఉంటుందనుకుంటాం. అది మొదటిది కొంత చేస్తుంది గాని, రెండోది చేయదు. తాగిన వేడిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే మిట్టమధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేము. రేకుల గది ఉన్నవాళ్ళు దానిమీద తెల్లరంగు వేయించవలసిన కారణం ఇదే.

అందరికీ తెలిసినదానికి లెక్క ఎందుకు?

ఈ ప్రసంగం గురించి చెప్పినప్పుడు మా పక్కింటి రిటైర్డు ఉర్దూ టీచరు సాబు నవ్వారు. "సున్నం కొడితే చల్లగా ఉంటుందని మా దాదీకి తెలుసు, మీ నాయనమ్మకు తెలుసు. దీనికి ప్రొఫెసరు ఎందుకు, అమెరికా ఎందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నేను రెండు రోజులు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు గుమాస్తా జవాబు.

నాయనమ్మకు తెలిసినది నాయనమ్మ ఇంటికి సరిపోతుంది. ప్రభుత్వానికి సరిపోదు. మనమందరం నోట్ ఫైళ్ళు రాసినవాళ్ళం. "తెల్లరంగు వేస్తే చల్లగా ఉండును" అని రాసి పైకి పంపితే ఏమవుతుంది? "ఎంత చల్లగా? ఎంత ఖర్చు? ఎంత ఆదా? ఆధారమేమి?" అని నాలుగు ప్రశ్నలతో ఫైలు తిరిగి వస్తుంది. ఆ నాలుగింటికీ జవాబు రాయలేని ఫైలు బీరువాలో పడుకుంటుంది. ఎంత మంచి ఆలోచనైనా అంకె లేకపోతే జి.వో. కాలేదు. గర్గ్ గారి వంటివారు చేసిన పని ఆ అంకెను తయారుచేయడం. ఎండలో పరికరాలు పెట్టి, ఏడాది లెక్కలు వేసి, ఇతర శాస్త్రజ్ఞులు తప్పు పట్టే అవకాశం ఇచ్చి ప్రచురించడం.

అంకె ఫైలులోకి ఎలా ఎక్కిందో వరుసగా చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం వాలు తక్కువగా ఉండే వాణిజ్య భవనాల కప్పులకు ఈ నియమాన్ని 2005లోనే చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం భవనాల ఇంధన పొదుపు నియమావళిని 2007లో విడుదల చేసింది. 2012 నుంచి 2017 వరకు భారత, అమెరికా దేశాలు కలిసి నడిపిన భవన ఇంధన పరిశోధనా కార్యక్రమంలో ట్రిపుల్ ఐటీ భాగస్వామి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2014లో మన రాష్ట్రానికి తగిన నియమావళి వచ్చింది, తెలంగాణ దానిని కొనసాగించింది. 2017లో బంజారాహిల్స్ ప్రాంతంలోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ కప్పుల మీద తెల్లని పాలీఇథిలీన్ పొర పరచి చూశారు. ఆ ఇళ్ళ లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. నగర పాలక సంస్థ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ, మరికొన్ని సంస్థలు అందులో కలిసి పనిచేశాయి. చివరకు 2023 ఏప్రిల్ 3వ తేదీన తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానాన్ని విడుదల చేసింది. దేశంలో ఒక రాష్ట్రం ఇటువంటి విధానం తేవడం అదే మొదలు. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లనివి కావాలని, అందులో 200 హైదరాబాదు ప్రాంతంలోనే కావాలని లక్ష్యం పెట్టారు.

ఒక్క మనిషి వల్ల ఇదంతా జరిగిందని నేను అనను. మంత్రులు, అధికారులు, ఎందరో పరిశోధకులు, సంస్థలు ఉన్నాయి. కానీ మన ఊళ్ళో, మన ఎండలో, మన కప్పు మీద కొలిచిన అంకె ఒకటి సిద్ధంగా ఉండడం వల్ల "ఆధారమేమి?" అన్న ప్రశ్నకు జవాబు బయటినుంచి అరువు తెచ్చుకోవలసిన అవసరం పడలేదు. నాయనమ్మ మాటకు ఫైలు నంబరు ఇప్పించిన పని అది.

అరవై గజాల ఇల్లు

ఇప్పుడు బాధ కలిగించే సంగతి. ఆ విధానం ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. నివాసాల విషయంలో 600 గజాలు, ఆపైన జాగాలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి. అంతకు తక్కువైతే ఇష్టమున్నవారు చేసుకోవచ్చు. గౌలిపుర, లాల్ దర్వాజ, అలియాబాద్, ఉప్పుగూడ, మొగల్‌పుర గల్లీల్లో 600 గజాల ఇల్లు ఎందరికున్నది? ఇక్కడ కూర్చున్నవారిలో చేతులెత్తమంటే రెండు చేతులు కూడా లేవవు. మనవి అరవై గజాలు, ఎనభై గజాలు, ఎక్కువలో ఎక్కువ నూట ఇరవై. పేదవాళ్ళ మీద ఖర్చు రుద్దకూడదని తప్పనిసరి చేయకపోవడం సబబే కావచ్చు. కానీ దాని ఫలితంగా వేడి ఎక్కువున్న చోటే విధానం దాటిపోతున్నది.

2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. వయసు పెరిగిన కొద్దీ చెమట సరిగా పట్టదు, దాహం వేసినట్టు తెలియదు. మనలో చాలామంది వాడే కొన్ని బి.పి. మాత్రలు ఒంట్లో నీటిని తీసేస్తాయి. గది వేడి ఒంటి వేడిని మించినప్పుడు ఫ్యాను వేడిగాలినే కొడుతుంది. పగలు గుడి అరుగు మీదనో, చెట్టు కిందనో గడపవచ్చు. రాత్రి మాత్రం ఆ గదిలోనే పడుకోవాలి. రాత్రి చల్లబడని ఒళ్ళు మరునాటి ఎండను తట్టుకోలేదు. దేవరకొండ బస్తీలో తగ్గిన 2 డిగ్రీలు కాగితం మీద చిన్న అంకె. ఆ గదిలో పడుకునేవారికి నిద్రపట్టిన రాత్రికీ, పట్టని రాత్రికీ ఉన్న తేడా అదే కావచ్చు.

పోయిన వేసవిలో మా గచ్చికి సున్నం కొట్టించాము. అంతకుముందు రాత్రి తొమ్మిదింటికి పై గది కప్పు కింద నిలుచుంటే తలకు సెగ తగిలేది. మా శ్రీమతి మంచం కింది గది గుమ్మం దగ్గర వేసుకునేది. సున్నం కొట్టిన తరువాత ఆ సెగ తగ్గింది, మంచం మళ్ళీ పైకి వచ్చింది. ఇది లెక్క కాదు, మా ఇంటి అనుభవం మాత్రమే.

మనం చేయగలిగినవి

ఖర్చు సంగతి అడుగుతారు. విధానం విడుదలనాడు మంత్రిగారు చదరపు మీటరుకు 300 రూపాయల ప్రాంతంలో చెప్పారు. అది బజారులో దొరికే చల్లని కప్పు రంగుల సంగతి. మామూలు సున్నం ఇంకా చవక, కానీ వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయించుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పని ముగించండి. ముందు గచ్చిని ఊడ్చి, కడిగి, నెర్రెలుంటే పూడ్పించండి. సున్నంలో కాస్త జిగురు కలిపిస్తే నిలుస్తుంది. రెండు పూతలు వేయించండి. స్థోమత ఉంటే విరిగిన తెల్ల పింగాణీ టైల్సు ముక్కలు పరిపించండి, ఏళ్ళ తరబడి ఉంటుంది. దుమ్ము పడితే తెల్లదనం తగ్గి గుణమూ తగ్గుతుంది కనుక ఎండాకాలంలో అప్పుడప్పుడు కడగండి. ఎనభై దాటినవారు గచ్చి ఎక్కవద్దు. మనుమలు ఉన్నారు, వారికి పని చెప్పండి. బి.పి. మాత్రల విషయంలో వేసవికి ముందే మీ డాక్టరు గారిని ఒకమాట అడగండి.

చివరగా సభ ముందు ఒక తీర్మానం ఉంచుతున్నాను. మన సంఘం తరఫున ఒక రిజిస్టరు పెడదాము. ఇష్టమున్న ప్రతి సభ్యుడూ పై గదిలో ఒక గోడ థర్మామీటరు వేలాడదీయాలి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా రోజూ మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ వేడి ఎంతో రాయాలి. స్లాబా, రేకులా, సిమెంటు రేకులా, సున్నం కొట్టారా లేదా, ఏ తేదీన కొట్టారు అన్నది ఒక కాలమ్‌లో ఉండాలి. సున్నం కొట్టని ఇళ్ళు కూడా రాయాలి, లేకపోతే పోల్చడానికి ఉండదు. రిజిస్టరు గీయడం, కాలమ్‌లు నింపడం, మొత్తాలు వేయడం, తప్పులు పట్టడం మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? ముప్పై ఏళ్ళు చేసిన పనే కదా.

జూన్‌లో ఆ లెక్క తేల్చి, సంతకాలు చేసి, నగర పాలక సంస్థకు ఒక వినతిపత్రంతో జతచేసి ఇద్దాం. ట్రిపుల్ ఐటీ వారికి కూడా ఒక నకలు పంపుదాం, మన పద్ధతిలో లోపమేదైనా ఉంటే వారు సరిదిద్దుతారు. అరవై గజాల ఇళ్ళకు ఉచితంగా గాని, సగం ధరకు గాని సున్నం కొట్టించే పథకం ఒకటి కావాలని అడుగుదాం. "ఎంత వేడి? ఎన్ని ఇళ్ళు? ఆధారమేమి?" అని వారు తప్పక అడుగుతారు. అప్పుడు మన రిజిస్టరు వారి బల్ల మీద ఉండాలి.

ఈ తీర్మానాన్ని బలపరచవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిసిన తరువాత కోశాధికారి గారి దగ్గర నమోదు చేసుకోవచ్చు.